తొమ్మిదో టేకు

స్వెతోబ్రోద్‌లో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు. "ఒడ్డు" పాట వీడియోలో చివర కనిపించే అమ్మాయి, ఆ దృశ్యం తీసేనాటికి బతికి లేదు.

నమ్మనివాళ్ల కోసం రుజువు కూడా సిద్ధంగా ఉంటుంది. వీడియో మొదలైన నిమిషానికి గాయకుడు రేవు క్యాంటీను గోడ పక్కగా నడుస్తాడు. గోడ నిండా నల్ల అంచు మరణ ప్రకటనలు, ఒకదాని మీద ఒకటి, వానకు తడిసి, ఎండకు వెలిసి. వాటిలో ఒకటి కొత్తది. దాని మీద నవ్వుతున్న ఒక అమ్మాయి ఫోటో, కింద పేరు: ఇవెలీనా త్సంకోవా, పందొమ్మిదేళ్లు. ఆ తర్వాత పాట సాగుతుంది, గాయకుడు ఏవేవో మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు. ఆఖరి చరణం అయిపోయాక అదే అమ్మాయి దాన్యూబ్ నదిలో నడుం లోతున నిలబడి ఉంటుంది. మెల్లగా వెనక్కి తిరుగుతుంది. ఆమె ముఖం చుట్టూ తెల్లటి తెర లాంటిదేదో అల్లుకుంటుంది, కరుగుతుంది, మళ్లీ అల్లుకుంటుంది. ఆ తెరలోంచి ఆమె సూటిగా చూస్తుంది. నాలుగు సెకన్లు. ఆపైన చీకటి.

ముందు కాగితం, తర్వాత మనిషి. ఇంకేం కావాలి?

నిజానికి అది సాధారణమైన పాట. పాడినతను ఆ మరుసటి ఏడాదే సంగీతం మానుకుని జర్మనీలో స్నానాల గదులకు పలకలు వేసే పనిలో కుదురుకున్నాడు. కానీ వీడియో నిలిచింది. ముప్పై రెండేళ్ల తర్వాత కూడా ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు వచ్చి, పడవలు ఆగిపోయిన పాత రేవులో కొవ్వొత్తులు వెలిగిస్తారు. నదికి వీపు పెట్టి ఫోటోలు దిగుతారు. ఆ ఫోటోల్లో తెల్లటి మచ్చ ఏదైనా పడితే చాలు, ఆ రోజుకు వాళ్ల సంతోషానికి అంతుండదు.

రాద్కా మినెవా ఈ కథను నమ్మలేదు. అందుకు ఆమెకు హేతువాదం అవసరం పడలేదు. ఆ వీడియోను కత్తిరించి అతికించిన ఎడిటరు ఆమే కాబట్టి నమ్మలేదు. దాన్ని తీసిన ఓగ్న్యాన్ అనే దర్శకుడి చిన్న స్టూడియో మూతపడ్డాక, ఆమె ఊరి పాఠశాలలో పాతికేళ్లు భౌతికశాస్త్రం చెప్పింది. ఏటా ఎవరో ఒక విద్యార్థి "టీచర్, ఆ అమ్మాయి నిజంగా దయ్యమేనా?" అని అడిగేవాడు. "లోలకం డోలన కాలం దేని మీద ఆధారపడుతుంది?" అని ఆమె ఎదురు ప్రశ్న వేసేది. మౌనం అబద్ధం కాదని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఆ వాదనలోని లోపాన్ని ఇంకెవరైనా చూపించి ఉంటే ఆమె వెంటనే ఒప్పుకునేదే. చూపించేవాళ్లే లేకపోయారు.

ఆ నవంబరులో మిరేలా అనే అమ్మాయి రాజధాని నుంచి ఫోన్ చేసింది. మరపురాని వీడియోల మీద ఒక టెలివిజన్ కార్యక్రమం చేస్తోందట.

"మేడమ్, ఒక్క ప్రశ్నే అడుగుతాను. ఒక వీడియో జనం మనసులో ఇన్నేళ్లు ఎందుకు నిలిచిపోతుంది?"

"చెప్పాల్సిన మాట చెప్పకుండా ఆపేస్తే నిలిచిపోతుంది," అంది రాద్కా.

"అబ్బ! ఎంత బాగా అన్నారు! ఇదే మాట కెమెరా ముందు అనాలి మీరు."

"అది పొగడ్త కాదమ్మాయ్."

మిరేలా నవ్వేసింది. "వాళ్లమ్మగారిని కూడా కలిశాను మేడమ్. పాపం, ఎనభై ఆరేళ్లు. నా కంప్యూటర్లో పెద్దగా చేసి చూపించాను. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి మాట్లాడటం ఆపేశారు ఆవిడ. మరి ఇరవై నాలుగున మీ ఇంటికి వస్తాం, సరేనా?"

ఆ సాయంత్రమే ఓగ్న్యాన్ ఫోన్. ఇప్పుడతను పేరున్నవాడు. ఆ పేరంతా ఆ నాలుగు సెకన్ల మీదే నిలబడి ఉంది.

"రాద్కా! బతికే ఉన్నావా?"

"నీ సినిమాల్లో చచ్చినవాళ్లే కదా నడిచేది. నేను నడుస్తున్నానంటే అనుమానించాల్సిందే."

"నోరు మాత్రం తగ్గలేదు నీకు. విను, ఆ పిల్ల వస్తుంది కదా. డిసెంబరులో ఒక్కరోజులో తీశామని చెప్పు. నేనెప్పుడూ అదే చెబుతున్నా. తేడా రానీకు."

"గోడ డిసెంబరు. నది నవంబరు. నీకూ తెలుసు."

"తెలిస్తే ఏమిటంట? ఎవరి కొంపా మునగలేదు. ఆ పిల్లకి నేను అమరత్వం ఇచ్చాను, తెలుసా?"

"పొడి కంబళి మాత్రం ఇవ్వలేదు," అంది రాద్కా.

"ముసలితనంలో ఇవన్నీ ఎందుకు తవ్వడం?" అన్నాడు ఓగ్న్యాన్, ఈసారి గొంతు తగ్గించి. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఇవెలీనా తల్లి స్తోయ్నా నిలబడి ఉంది. నల్లటి కోటు, ఒక చేతిలో కాగితాల చుట్ట, రెండో చేతిలో ఉడికించిన గోధుమలూ చక్కెరా కలిపిన చిన్న గ్లాసు. ఏటా కూతురు పోయిన ఆ రోజున ఆమె ఊరంతా తిరిగి మరణ ప్రకటనలు అతికిస్తుంది. ముప్పై రెండేళ్లుగా అదే ఫోటో, అదే నవ్వు. మారేది, పోయి ఎన్నేళ్లయిందో చెప్పే అంకె ఒక్కటే. ఏటా రాద్కా గేటు దాకా వచ్చి గోధుమలు ఇచ్చి పోయేది. లోపలికి ఎన్నడూ రాలేదు.

"లోపలికి రమ్మంటావా, ఇక్కడే ఇచ్చి పొమ్మంటావా?"

"రండి పెద్దమ్మా. చెప్పులు ఉండనివ్వండి, నేల చల్లగా ఉంది."

వంటగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని స్తోయ్నా గ్లాసు అందించింది. అది అందుకున్నవాళ్లు, పోయినవాళ్లను దేవుడు క్షమించాలని అనడం ఆనవాయితీ. రాద్కా ఎప్పటిలాగే "ఇవెలీనా కోసం" అని మాత్రం అంది.

"ఆ మాట అనవు కదా నువ్వు. ఎన్నేళ్ల నుంచి చూస్తున్నా. నీ నోట దేవుడు రాడు."

"రాడు పెద్దమ్మా."

"అందుకే నీ దగ్గరికొచ్చా. దేవుడున్నాడనేవాళ్లందరూ నన్ను ఊరుకోబెట్టడానికే మాట్లాడతారు. నువ్వట్లా కాదు." ఆమె కాగితాల చుట్టను ఒళ్లో సర్దుకుంది. "ఆ టీవీ పిల్ల మా అమ్మాయిని ఇంత పెద్దగా చేసి చూపించింది. అప్పుడు కనబడింది నాకు. ఎడమ మణికట్టుకి గుడ్డకట్టు."

రాద్కా చేతిలోని చెంచా ఆగిపోయింది.

"క్యాంటీన్లో సూప్ గిన్నె ఒలికి చెయ్యి కాలింది దానికి. నవంబరు పదో తారీకు. నా దిండు గలీబు చింపి నేనే కట్టా. నీలం పూల గుడ్డ. ఆస్పత్రిలో నర్సు విప్పి పారేసింది. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ఆ చేతి మీద మచ్చ తప్ప ఏమీ లేదు. నేను చూశా కదా. మరి నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. చచ్చినవాళ్లు విప్పేసిన కట్టు మళ్లీ కట్టుకుని వస్తారా?"

ఇంత సూటిగా ఆలోచించిన మనిషిని రాద్కా ఆ ఊళ్లో చూడలేదు. సమాధానం నోటి దాకా వచ్చింది. కానీ స్తోయ్నా చెప్పడం ఆపలేదు.

"పన్నెండో తారీకున మా ఇద్దరికీ పెద్ద గొడవ. రాజధానికి, సోఫియాకి పోయి నటిస్తానంది. అంట్లు తోముకునేదానివి, నీకు నాటకాలేంటే అన్నా. వెళ్తానంటే వెళ్తానంది. వెళ్తే మళ్లీ నాకు మొహం చూపించకు అన్నా. చూపించలేదు. రెండు రోజులు ఎవరింట్లోనో ఉంది. పధ్నాలుగు సాయంత్రం వణుక్కుంటూ వచ్చింది. రేవులో జారిపడ్డానంది. నేను పలకలేదు. పంతం. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. ఆ తర్వాత దానికి తెలివి ఎక్కడ?"

ఆమె కిటికీలోంచి బయటకు చూసింది.

"కొత్త సంవత్సరం రోజున టీవీ పెట్టా. ముందు నా బిడ్డ కాగితం కనపడింది, నేను అతికించినదే. తర్వాత నా బిడ్డే వచ్చింది. పాతిపెట్టినప్పుడు వేసిన నీలం స్వెట్టరే. తిరిగి నా వంక చూసింది. మొహం చూపించకు అన్నాను కదా, అందుకని చచ్చాక వచ్చి చూపించింది, కోపం లేదని చెప్పి పోయింది, అనుకున్నా. తెల్లారి పక్కింటావిడతో అదే అన్నా. ఆవిడ ఊరంతా అంది."

ఆ వదంతి ఓగ్న్యాన్ పుట్టించినదని రాద్కా ఇన్నేళ్లూ అనుకుంది. అతను దాన్ని పెంచాడు, అంతే. పుట్టింది ఇక్కడ, ఎదురుగా కూర్చున్న ఈ తల్లి నోట. కాదు, అంతకంటే ముందు, తన ఎడిటింగ్ బల్ల మీద.

ఆ రోజు రాద్కాకు బాగా గుర్తుంది. డిసెంబరు చివరి వారం. జబ్బుపడిన గాయకుడు కోలుకున్నాక తీసిన గోడ దృశ్యం, ఎడిటింగ్ బల్ల మీది చిన్న తెర మీద కదులుతోంది. కాగితాలు బాగున్నాయని కెమెరామన్ వాటిని చిత్రీకరించాడు గాని, ఏ ఒక్కటీ చదవలేదు. రాద్కా చదివింది. తనకు టీ తెచ్చిచ్చిన అమ్మాయి ముఖం అది. మరణించిన తేదీ నవంబరు ఇరవై మూడు. నదిలో దిగిన తొమ్మిదో రోజు. కత్తెర ఆమె చేతిలోనే ఉంది. ఆ మూడు సెకన్లూ తీసేయడం ఎంత పని? కానీ వీడియో చివర వేసే పేర్లలో ఇవెలీనా పేరు లేదు. గాయకుడిదుంది, దర్శకుడిదుంది, రాద్కాది కూడా ఉంది. చివరకు గోడ మీదైనా ఆ పేరు ఉండాలనుకుని ఆమె ఆ ముక్కను ఉంచేసింది. ఒక ఋణం తీర్చుకున్నాననుకుంది. గోడ ముందూ నది తరువాతా వచ్చేలా అతికిస్తే చూసేవాళ్లు రెంటినీ ఎలా కలుపుకుంటారో, ఎడిటరై ఉండి కూడా ఆమె ఆలోచించలేదు.

"ఇప్పుడు చెప్పు," అంది స్తోయ్నా. "నేనింక ఎన్నాళ్లో ఉండను. అక్కడ అది కనబడితే ఏమని అడగాలో నాకు తెలియాలి. ఆ నదిలోది ఎప్పుడు తీశారు?"

డిసెంబరు అంటే చాలు. ఒక్క మాట. ఈ ముసలామె తన కాగితాలు తీసుకుని, నిబ్బరంగా వెళ్లిపోతుంది. మణికట్టు కట్టు సంగతి అంటారా, వెలుగు నీడల మాయ అనవచ్చు. భౌతికశాస్త్రం టీచరు చెబితే నమ్ముతుంది కూడా. దయతో చెప్పిన అబద్ధానికీ భయంతో చెప్పిన అబద్ధానికీ తేడా ఏమిటని రాద్కా ఆలోచించింది. ఈ సందర్భంలో ఆ రెంటినీ వేరు చేయగల పరీక్ష ఏదీ ఆమెకు తోచలేదు.

ఆమె లేచి నేలమాళిగలోకి దిగింది. ఎర్ర మిరపకాయ పచ్చడి సీసాల వెనుక తుప్పు పట్టిన గుండ్రటి డబ్బా ఉంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నవంబరు పధ్నాలుగు," అంది.

స్తోయ్నా కదల్లేదు. "అంటే జారిపడలేదన్నమాట."

"లేదు."

"ఎవరు దిగమన్నారు?"

"ఓగ్న్యాన్ అడిగాడు. మీ అమ్మాయి మాకు టీ తెచ్చింది. అసలు దిగాల్సిన నటి నీళ్లు ముట్టుకుని చూసి నావల్ల కాదంది. నీ మొహం బాగుంది, ఓ నాలుగడుగులు దిగుతావా అని తనని అడిగాడు. నవ్వింది. ఇది సోఫియాలో కూడా చూస్తారా అంది."

"అడిగిందా అట్లా?"

"అడిగింది. చూస్తారన్నాం."

"ఎన్నిసార్లు దింపారు?" అంది స్తోయ్నా.

"తొమ్మిది. ఒకసారి పడవ అడ్డమొచ్చింది. ఒకసారి కెమెరా ఆగిపోయింది. మిగతావి ఆయనకి నచ్చలేదు."

"నువ్వెక్కడున్నావ్ అప్పుడు?"

"మనుషులు తక్కువ, టేకు నంబరు రాసే బోర్డు పట్టుకున్నది నేనే. తొమ్మిదిసార్లూ. ఐదోదాని తర్వాత కంబళి కప్పాను. ఆరోసారి దిగొచ్చేసరికి అదీ తడిసిపోయింది."

"చాలు, ఆపండి అనలేదా?"

"అనలేదు పెద్దమ్మా."

వీధిలో ఎవరో బండిలోంచి కట్టెలు దింపుతున్న చప్పుడు వినిపించింది.

"అందుకే చచ్చిందా నా పిల్ల?"

"తెలియదు. న్యుమోనియా క్రిముల వల్ల వస్తుంది, చలి దాన్ని పుట్టించదు. తను ఆ రోజు పొద్దున్నుంచే దగ్గుతోంది. నీళ్లే చంపాయని నేను రుజువు చెయ్యలేను. చంపలేదనీ చెయ్యలేను. నాకు తెలిసింది చెప్పాను. తెలియంది కలిపి చెప్పను."

"మరి ఆ చూపు?" స్తోయ్నా గొంతు మొదటిసారి పైకి లేచింది. "నా వంక చూసింది కదా! ముప్పై రెండేళ్లు ఆ చూపు పట్టుకునే బతికాను కదమ్మా!"

ఆ నాలుగు సెకన్ల గురించి ఎంతమంది ఎన్ని రాశారో రాద్కా చదివింది. మృత్యువు చూపన్నారు. వీడ్కోలన్నారు, శాపమన్నారు. ఎవరికి ఏ లోటు ఉంటే ఆ చూపులో అది కనిపించింది.

"మా వంక చూసింది. నేను పక్కనే ఉన్నాను. ఇంక బయటికి రావచ్చా అని చూసింది."

"అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

స్తోయ్నా ఒళ్లోని కాగితాలను చేత్తో నిమిరింది, ముడత లేకపోయినా. తర్వాత డబ్బా వైపు తల ఊపింది. "అందులో ఏముంది?"

"తొమ్మిదో టేకు ముక్క. వీడియోలో వేసింది దీని తర్వాతి భాగం. రేపు ఆ అమ్మాయికి చూపిద్దామనుకున్నాను. మీరొద్దంటే చూపించను."

"ఆయనకి ఇబ్బంది కాదా?"

"ఓగ్న్యాన్‌కా? అవుతుంది. నాకూ అవుతుంది."

"నాకు మాత్రం బాగుందా? చూపించు. ముందు నాకు చూపించు."

రాద్కా పిలిం ముక్కను తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. భూతద్దం అందించింది. స్తోయ్నా లేచి, ఒక చేత్తో కిటికీ చట్రాన్ని ఆనుకుని, కన్ను దగ్గరగా పెట్టింది. గోరంతైనా లేని బొమ్మలు, వరుసగా, ఒకదాని కింద ఒకటి.

"ఇక్కడ తెల్లగా ఉంది. ఆ తెరే కదా ఇది?"

"ఆ తెరే. కిందికి చూడండి. ఉంది, తర్వాత లేదు, మళ్లీ ఉంది. ఆ రోజు గాలి బాగా చల్లగా ఉంది. తొమ్మిదోసారికి తను ఆయాసపడుతోంది. అప్పుడే పొద్దు తన వెనక్కి దిగింది, అందుకని తెల్లగా మెరిసింది. వీడియోలో నేను ప్రతి బొమ్మనూ రెండేసిసార్లు వేయించాను. రెండు సెకన్లది నాలుగైంది. మెల్లగా కదిలేసరికి అదేమిటో ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఆ పని చేసింది నేనే."

స్తోయ్నా భూతద్దాన్ని ఒక బొమ్మ మీది నుంచి మరో బొమ్మ మీదికి, మళ్లీ వెనక్కి జరుపుతూ ఉండిపోయింది. ఆమె శ్వాస తగిలి కిటికీ గాజు మీద గుండ్రటి తెల్లని మచ్చ కట్టింది, చెదిరింది, మళ్లీ కట్టింది.

పిలిం ముక్క మొదటి బొమ్మల్లో ఒక నల్ల బోర్డు ఉంది. దాని అంచు మీద రాద్కా వేళ్లు, ముప్పై ఐదేళ్ల వయసు నాటివి. బోర్డు మీద సుద్దతో ఆమె చేతిరాత: 1987 నవంబరు 14, టేకు 9. బోర్డు వెనుక నడుం లోతు నీళ్లలో, మణికట్టుకు నీలం పూల గుడ్డకట్టుతో, నోరు తెరిచి ఊపిరి వదులుతూ ఇవెలీనా ఉంది. ఆమె ముఖం చుట్టూ ఉన్న తెర ఆ ఊపిరే.